బడ్జెట్‌లో గేమింగ్ పీసీకి ప్రాసెసర్ అప్‌గ్రేడ్: ఏది కొనాలో ఎలా తేల్చుకోవాలి?

గేమ్ మధ్యలో బొమ్మ ఒక్క క్షణం ఆగి మళ్లీ కదులుతుంది. జనం ఎక్కువగా ఉన్న వీధిలోకి వెళ్లగానే ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్య) సగానికి పడిపోతుంది. గ్రాఫిక్స్ సెట్టింగ్స్ అన్నీ తగ్గించినా పెద్ద తేడా రాదు. మీ పీసీ పరిస్థితి ఇదే అయితే ప్రాసెసర్ మార్చాలన్న ఆలోచన సరైనదే కావచ్చు. అయినా డబ్బు పెట్టేముందు ఒక సాయంత్రం కూర్చుని కొన్ని విషయాలు తేల్చుకోండి. నేను మొదటిసారి అప్‌గ్రేడ్ చేసినప్పుడు ఈ పని చేయలేదు. కొత్త ప్రాసెసర్ పెట్టాక నేను రోజూ ఆడే గేమ్‌లో రెండు మూడు ఎఫ్‌పీఎస్ మాత్రమే పెరిగింది, ఎందుకంటే అసలు అడ్డుపడుతున్నది గ్రాఫిక్స్ కార్డు. నెలల తరబడి దాచిన డబ్బు తప్పు చోట పెట్టిన బాధ నాకు తెలుసు, అది మీకు రాకూడదు.

తప్పు ప్రాసెసర్‌దేనా?

గేమ్‌లో ప్రతి ఫ్రేమ్ (తెర మీది ఒక్కో బొమ్మ) వెనకా రెండు పనులు జరుగుతాయి. శత్రువు ఎటు కదలాలి, ఏ వస్తువు ఎక్కడుంది, ఏది దేనికి తగిలింది అన్న లెక్కలన్నీ తేల్చి, ఏం గీయాలో చెప్పేది ప్రాసెసర్. గీసేది గ్రాఫిక్స్ కార్డు. 60 ఎఫ్‌పీఎస్ రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కు ఉన్న గడువు 16.7 మిల్లీసెకన్లు. 144 కావాలంటే 6.9 మిల్లీసెకన్లే. జోడెద్దుల్లో ఒకటి వెనకబడితే బండి దాని వేగంతోనే నడిచినట్టు, ఈ రెండింటిలో ఏది నెమ్మదైతే మీకు దాని ఎఫ్‌పీఎస్సే వస్తుంది.

అది ఏదో కనుక్కోవడానికి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్, దానితో పాటు వచ్చే రివాట్యూనర్ చాలు. రెండూ ఉచితమే. గేమ్ ఆడుతున్నప్పుడు స్క్రీన్ మూలన గ్రాఫిక్స్ కార్డు వాడకం, ప్రాసెసర్‌లోని ఒక్కో కోర్ (విడిగా లెక్కలు చేసే భాగం) వాడకం, ఉష్ణోగ్రతలు, ఫ్రేమ్‌టైమ్ (ఒక్కో ఫ్రేమ్‌కు పట్టిన సమయం) గ్రాఫ్ కనిపించేలా పెట్టుకోండి. ఎఫ్‌పీఎస్‌ను ఒక హద్దు దగ్గర ఆపేసే వీ-సింక్, ఫ్రేమ్ లిమిట్ లాంటివి ఏమైనా ఆన్‌లో ఉంటే ముందు ఆఫ్ చేయండి. లేకపోతే కార్డు ఖాళీగా ఉండి, ప్రాసెసర్ మీద లేనిపోని అనుమానం వస్తుంది.

ఇప్పుడు మీకు బాగా ఇబ్బంది పెట్టే చోటికి వెళ్లి ఐదు నిమిషాలు ఆడండి. కార్డు వాడకం 95 శాతం పైనే ఉంటే ప్రాసెసర్ తన పని తాను చేస్తోందని అర్థం, ఈ గైడ్‌తో మీకు పని లేదు. డబ్బు గ్రాఫిక్స్ కార్డు కోసం ఉంచుకోండి. 60, 70 శాతం దగ్గర ఊగుతూ, ఎఫ్‌పీఎస్ కూడా చాలకపోతే ప్రాసెసర్ వైపు చూడాలి. రూఢి చేసుకోవడానికి ఇంకో పరీక్ష ఉంది. రిజల్యూషన్ 720పీకి దించి అదే చోట మళ్లీ ఆడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే ఇబ్బంది కార్డుది. దాదాపు అక్కడే ఆగిపోతే ప్రాసెసర్ చేతులెత్తేసిందన్నమాట.

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 40 శాతమే చూపిస్తోంది కాబట్టి అది బాగానే ఉందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ పొరబడకండి. చాలా గేముల్లో పని భారం ఒకటి రెండు థ్రెడ్ల (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పని వరసల) మీదే ఎక్కువ పడుతుంది. 12 థ్రెడ్లున్న ప్రాసెసర్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నిండిపోయినా మొత్తం లెక్కలో అది 8 శాతం చిల్లరే. అందుకే మొత్తం శాతాన్ని పక్కన పెట్టి కార్డు ఖాళీగా ఉందా లేదా అన్నది చూడమంటున్నాను. రెండు పార్ట్‌ల పేర్లు కొడితే ఇంత శాతం బాటిల్‌నెక్ (అడ్డు) అని చెప్పే కాలిక్యులేటర్లు ఉన్నాయి, వాటిని అసలు నమ్మవద్దు. మీరు ఆడే గేమ్ ఏదో, ఏ రిజల్యూషన్‌లో ఆడతారో తెలియకుండా ఆ శాతానికి అర్థం లేదు.

డబ్బు ఖర్చు కాని రిపేర్లు

ప్రాసెసర్ దగ్గరే అడ్డు ఉందని తేలినా వెంటనే కొనకండి. ర్యామ్ ఒక్క స్టిక్కే ఉందేమో చూడండి. రెండు స్టిక్కులు సరైన స్లాట్లలో ఉంటే డ్యూయల్ ఛానల్‌లో నడుస్తాయి, ప్రాసెసర్‌కు డేటా రెండు దారుల్లో అందుతుంది. నాలుగు స్లాట్ల మదర్‌బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. తర్వాత బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే ముందుగా నడిచే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) ఎక్స్ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ అయి ఉందో లేదో చూడండి. అది ఆఫ్‌లో ఉంటే 3200 అని రాసి ఉన్న డీడీఆర్4 ర్యామ్ 2133 లేదా 2400 దగ్గరే నడుస్తూ ఉండవచ్చు. ఏళ్ల తరబడి అలాగే వాడుతున్న వాళ్లను చూశాను.

ఉష్ణోగ్రత కూడా ముఖ్యం. ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటి, క్లాక్ వేగం పడిపోతుంటే దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చండి. పోయిన ఎఫ్‌పీఎస్ కొంత తిరిగి రావచ్చు. వెనకాల నడిచే బ్రౌజర్ ట్యాబులు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మూసేసి కూడా ఒకసారి కొలవండి. గేమ్‌లోనే క్రౌడ్ డెన్సిటీ, వ్యూ డిస్టెన్స్, రే ట్రేసింగ్ లాంటి సెట్టింగ్స్ ప్రాసెసర్ మీద బరువు వేస్తాయి. టెక్స్చర్లు తగ్గించినంత మాత్రాన ప్రాసెసర్‌కు ఊరట ఉండదు.

ఇవన్నీ అయ్యాక వచ్చిన సంఖ్యలు కాగితం మీద రాసిపెట్టుకోండి. సగటు ఎఫ్‌పీఎస్ ఒక్కటే చాలదు, ‘1 శాతం లో’ (1% low) అనే అంకె కూడా రాయండి, అంటే అత్యంత నెమ్మదైన 1 శాతం ఫ్రేముల్లో వచ్చిన ఎఫ్‌పీఎస్. సగటు 90 ఉన్నా 1 శాతం లో 35 అయితే ఆట చేతికి ముక్కలు ముక్కలుగా తగులుతుంది. ప్రాసెసర్ అప్‌గ్రేడ్ అసలు ప్రయోజనం ఈ రెండో అంకెలోనే కనిపిస్తుంది.

మీ బోర్డు ఏది ఒప్పుకుంటుంది?

బడ్జెట్ అప్‌గ్రేడ్ అంతా ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది. ప్రాసెసర్ ఒక్కటే మారిస్తే ఒక ఖర్చు. బోర్డు కూడా మార్చాలంటే ఖర్చు దాదాపు రెట్టింపు, కొత్త ప్లాట్‌ఫామ్‌కు వెళ్తే ర్యామ్ కూడా కలుస్తుంది. అందుకే రివ్యూల్లో ఏది గెలిచిందో చూసేముందు మీ బోర్డు మీద కూర్చోగలిగినవి ఏవో చూడండి.

సీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరిస్తే మెయిన్‌బోర్డ్ ట్యాబులో బోర్డు మోడల్, చిప్‌సెట్ (బోర్డును నడిపే చిప్), బయోస్ వెర్షన్ కనిపిస్తాయి. ఆ మోడల్ పేరుతో బోర్డు కంపెనీ సైట్‌లోకి వెళ్లి సీపీయూ సపోర్ట్ లిస్ట్ తీయండి. ప్రతి ప్రాసెసర్ పక్కనా అది పనిచేయడానికి ఉండాల్సిన కనీస బయోస్ వెర్షన్ రాసి ఉంటుంది. పిన్నుల సంఖ్య కలిసింది కదా అని ధైర్యం చేయకండి. ఇంటెల్ 6, 7 తరాల ప్రాసెసర్లకూ, 8, 9 తరాలకూ సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) పేరు ఎల్‌జీఏ 1151 అనే ఉంటుంది, కానీ ఒకదాని బోర్డులో ఇంకొకటి నడవదు. ఎల్‌జీఏ 1200లో కూడా ఇలాంటి చిక్కే ఉంది. అది 10, 11 తరాల సాకెట్ అయినా హెచ్410, బీ460 చిప్‌సెట్ల బోర్డులు మామూలుగా 11వ తరాన్ని తీసుకోవు. లిస్టులో ఉంటేనే కొనండి.

ఏఎం4 వాళ్లకు దారి సులువు

బడ్జెట్ అప్‌గ్రేడ్‌కు ఏఎండీ వారి ఏఎం4 కన్నా మంచి సాకెట్ నేను చూడలేదు. 2017లో మొదటి రైజెన్ ప్రాసెసర్లు వచ్చింది దీని మీదే, 5000 సిరీస్ దాకా అన్నీ దీని మీదే. 2022లో ఏఎండీ పాత ఏ320, బీ350, ఎక్స్370 చిప్‌సెట్లలో కూడా 5000 సిరీస్‌కు అనుమతి ఇచ్చింది. అయితే మీ బోర్డు కంపెనీ దానికి తగ్గ బయోస్ విడుదల చేసి ఉండాలి.

రైజెన్ 1000, 2000 సిరీస్ వాడుతుంటే రైజెన్ 5 5600తో తేడా కళ్లకు కనిపిస్తుంది. ఇందులో 6 కోర్లు, 12 థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ఉంటాయి. 65 వాట్లదే కాబట్టి మామూలు బోర్డు, మామూలు కూలర్ మీద కూడా ప్రశాంతంగా నడుస్తుంది. 5600ఎక్స్ వేగంలో దీనికి చాలా దగ్గర, ఆ రెండింటిలో ఏది చవకగా దొరికితే అది తీసుకోండి.

పేర్లలో ఉన్న చిన్న తేడాలు డబ్బు పోగొట్టేది ఇక్కడే. రైజెన్ 5 5500 పేరు చూస్తే 5600కు తమ్ముడిలా అనిపిస్తుంది. కానీ దాని ఎల్3 క్యాష్ 16 ఎంబీయే, పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డుకు డేటా వెళ్లే దారి) కూడా 3.0 దగ్గరే ఆగుతుంది. 5600జీ, 5700జీ కూడా అంతే. చివర ఎక్స్ లేని 5700ను 5700ఎక్స్ అనుకుని కొనేవాళ్లూ ఉన్నారు, దానిలోనూ క్యాష్ 16 ఎంబీయే. గేమ్‌కు క్యాష్ చాలా అవసరం. కావాల్సిన డేటా చిప్‌లోనే దొరికితే ర్యామ్ దాకా వెళ్లి ఎదురుచూసే పని తప్పుతుంది. ఇక పీసీఐఈ 3.0 వల్ల ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి నాలుగు లేన్ల కార్డులు ఇంకా కుంటుపడతాయి. జీ అక్షరం ఉన్నవి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్లకు మంచివి. మీకు కార్డు ఉంటే వాటి జోలికి వెళ్లకండి.

ఈ క్యాష్ సంగతిని చివరిదాకా తీసుకెళ్లినవే ఎక్స్3డీ ప్రాసెసర్లు. 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ, 2024లో వచ్చిన 5700ఎక్స్3డీ రెండింటిలోనూ 96 ఎంబీ ఎల్3 ఉంది. సిమ్యులేషన్ గేములు, స్ట్రాటజీ గేములు, జనంతో నిండిన ఆన్‌లైన్ గేములు ఆడేవాళ్లకు పాత బోర్డు మీద వీటికి మించింది లేదు. కానీ వీటికి మంచి టవర్ కూలర్ కావాలి, హీట్‌సింక్ కూడా లేని చవక బోర్డు మీద పెట్టడం నాకు ఇష్టం ఉండదు. వీటి కోసం చెబుతున్న ధర మరీ ఎక్కువగా అనిపిస్తే 5600తో ఆగి, మిగిలింది కార్డు వైపు మళ్లించండి. మధ్యస్థాయి గ్రాఫిక్స్ కార్డుతో 60 నుంచి 100 ఎఫ్‌పీఎస్ మధ్య ఆడేవాళ్లలో చాలామందికి 5600 సరిపోతుంది.

ఇప్పటికే రైజెన్ 5 3600 ఉంటే తొందరపడకండి. మీరు కొలిచిన 1 శాతం లో నిజంగా ఇబ్బంది పెడుతుంటేనే మారండి.

ఇంటెల్ బోర్డు ఉంటే

ఎల్‌జీఏ 1700 వాళ్లకు వెసులుబాటు ఎక్కువ. 12, 13, 14 తరాలు మూడూ దీని మీదే నడుస్తాయి, 600 సిరీస్ బోర్డుకు తగిన బయోస్ వేస్తే చాలు. ఐ3-12100ఎఫ్‌లో 4 కోర్లు, 8 థ్రెడ్లు. దానినుంచి 6 కోర్లు, 12 థ్రెడ్ల ఐ5-12400ఎఫ్‌కు వెళ్లినా, 6 పెద్ద కోర్లకు తోడు 4 చిన్న కోర్లున్న ఐ5-13400ఎఫ్‌కు వెళ్లినా కొత్త గేముల్లో కుదుపులు తగ్గుతాయి. 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లను వాడినవి కొనే ఆలోచన ఉంటే మాత్రం జాగ్రత్త. ఎక్కువ వోల్టేజ్ వల్ల వాటిలో కొన్ని క్రమంగా దెబ్బతిని క్రాష్ అయ్యాయి. ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే సూచనలు) మార్పులు ఇచ్చింది, అవి ఉన్న కొత్త బయోస్ వేయాల్సిందే. కానీ ముందే దెబ్బతిన్న చిప్‌ను అవి బాగుచేయలేవు.

6, 7 తరాల బోర్డు ఉన్నవాళ్లకు నేరుగా ఒక మాట చెబుతాను. దాని మీద పెట్టగలిగిన పెద్ద ప్రాసెసర్ ఐ7-7700కే (7700K). అదీ 4 కోర్లు, 8 థ్రెడ్లే, పైగా పాత ఐ7లకు వాటి వయసుకు మించిన ధర అడుగుతుంటారు. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపి వాడిన ఏఎం4 బోర్డు, 5600 జత తీసుకోవడం మేలు. డీడీఆర్4 ర్యామ్ ఉంటే అదే పనికొస్తుంది. ఐ5-8400 లాంటి 6 కోర్లు, 6 థ్రెడ్ల వాటి నుంచి కూడా నేను అదే బోర్డు మీద ఐ7 కోసం వెతకను.

కొత్త ప్లాట్‌ఫామ్‌కే వెళ్లాలనుకుంటే ఏఎం4 తర్వాత వచ్చిన ఏఎండీ సాకెట్ ఏఎం5 మీద రైజెన్ 5 7600, 7500ఎఫ్ మొదటి మెట్టుగా బాగుంటాయి. ఏఎం5 డీడీఆర్5 ర్యామ్ మాత్రమే తీసుకుంటుంది కాబట్టి పాత ర్యామ్ అక్కడ పనికిరాదు. ఆ ఖర్చు కూడా కలిపి చూసుకున్నాకే నిర్ణయించుకోండి.

ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవని గుర్తుంచుకోండి. కార్డు చెడిపోయిన రోజు స్క్రీన్ రాదు. అది తప్ప గేముల్లో నష్టమేమీ లేదు.

రివ్యూలు చదివే పద్ధతి

ప్రాసెసర్ రివ్యూల్లో అత్యంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టి, 1080పీలో కొలుస్తారు. కార్డు అడ్డుపడకుండా ప్రాసెసర్ల మధ్య తేడా బయటపడటానికి అది సరైన పద్ధతే. కానీ ఆ తేడా అంతా మీకు రాదు. మీరు చేయాల్సిందల్లా రెండు సంఖ్యలు వెతకడం. మీ గేమ్‌లో ఆ ప్రాసెసర్ గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదో ఒకటి. మీ కార్డు మీ రిజల్యూషన్‌లో, మీ సెట్టింగ్స్‌లో ఎంత ఇవ్వగలదో ఇంకొకటి. రెండింటిలో చిన్నదే మీకు వచ్చేది. ఉదాహరణకు ప్రాసెసర్ 150 ఇవ్వగలిగి మీ కార్డు 85 దగ్గర ఆగిపోతే, 200 ఇచ్చే ప్రాసెసర్ కొన్నా మీకు 85 చుట్టూనే వస్తుంది. 60 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లు ఆ 60ని మూడో సంఖ్యగా వేసుకోండి.

వాడినది కొంటున్నారా?

ప్రాసెసర్ అంత తేలిగ్గా చెడిపోయే వస్తువు కాదు, కాబట్టి బడ్జెట్‌లో సెకండ్‌హ్యాండ్ తీసుకోవడానికి భయపడక్కర్లేదు. ఏఎం4 ప్రాసెసర్లకు పిన్నులు అడుగునే ఉంటాయి, మొత్తం 1331. వెలుతురులో పక్క నుంచి చూడండి, వరసలు తిన్నగా ఉండాలి. ఇంటెల్, ఏఎం5 అయితే పిన్నులు బోర్డు సాకెట్‌లో ఉంటాయి, కాబట్టి వాడిన బోర్డు కొనేటప్పుడు సాకెట్ ఫొటో అడగండి. పైన మోడల్ పేరుకు బదులు కాన్ఫిడెన్షియల్ అని రాసి ఉంటే అది ఇంజినీరింగ్ శాంపిల్ (పరీక్షల కోసం చేసిన చిప్), వద్దు. వీలైతే నడుస్తున్న పీసీలోనే ప్రాసెసర్ మీద పూర్తి బరువు వేసే ఓసీసీటీ లాంటి టెస్ట్ అరగంట వేసి చూడమనండి.

మార్చే రోజు

ముందుగా, పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేయండి. ఈ క్రమం తప్పితే కొత్తది పెట్టాక స్క్రీన్ రాదు, ఎందుకు రాలేదో తెలియక టెన్షన్ పడాలి. అప్‌డేట్ జరుగుతున్నప్పుడు కరెంటు పోకూడదు. మరీ పాత బోర్డుల్లో కొత్త బయోస్ వేస్తే కొన్ని పాత ప్రాసెసర్లకు సపోర్ట్ తీసేస్తారు, ఆ వెర్షన్ కింద రాసిన నోట్ చదివాకే వేయండి.

చాలామంది మర్చిపోయేది విండోస్‌లో డ్రైవ్‌కు తాళం వేసే బిట్‌లాకర్. డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే ప్రాసెసర్ మారాక విండోస్ రికవరీ కీ అడగవచ్చు, ఎందుకంటే ఆ తాళం వివరాలున్న టీపీఎం చాలా పీసీల్లో ప్రాసెసర్‌తోనే ముడిపడి ఉంటుంది. కీని ఫోన్‌లోనో కాగితం మీదో రాసుకుని, బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేశాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి. ఫొటోలు, సేవ్ ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకోవడం ఇంకా మంచిది.

ఏఎం4లో కూలర్‌ను నేరుగా పైకి లాగితే ఎండిపోయిన పేస్ట్‌కు అంటుకుని ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. అందుకని పది నిమిషాలు గేమ్ ఆడి పేస్ట్ వేడెక్కనివ్వండి. తర్వాత పీసీ ఆపి, ప్లగ్ తీసి, కూలర్ బిగింపులు వదులు చేసి, కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ తీయండి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. కొత్త ప్రాసెసర్ మూలనున్న త్రిభుజం గుర్తును సాకెట్ మీది గుర్తుతో కలిపి పెడితే దాని బరువుకే అది కూర్చుంటుంది. వేలితో నొక్కాల్సి వస్తోందంటే ఎక్కడో తప్పు జరిగింది, ఆగి చూడండి. మధ్యలో బఠాణీ గింజంత పేస్ట్ చాలు. కూలర్ ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసిన చోటే పెట్టారో లేదో చూసుకోండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కాసేపు నల్లగానే ఉండవచ్చు. ఏఎం5లో ర్యామ్‌ను పరీక్షించుకోవడానికి కొన్ని నిమిషాలు కూడా పట్టవచ్చు, మధ్యలో ఆపేయకండి. చాలాసేపటికీ రాకపోతే సీమోస్ క్లియర్ చేసి (బయోస్ సెట్టింగ్స్‌ను మొదటికి తెచ్చి) మళ్లీ ప్రయత్నించండి. బయోస్ అప్‌డేట్‌తో పాత సెట్టింగ్స్ పోయి ఉంటాయి కాబట్టి ఎక్స్ఎంపీ మళ్లీ ఆన్ చేయాలి. విండోస్ కొత్తగా వేయాల్సిన అవసరం మామూలుగా రాదు, చిప్‌సెట్ డ్రైవర్ మాత్రం తాజాది వేయండి.

ఇక మీరు రాసిపెట్టుకున్న కాగితం తీయండి. అదే గేమ్, అదే చోటు, అవే సెట్టింగ్స్‌లో మళ్లీ కొలవండి. కార్డు వాడకం 95 దాటి, 1 శాతం లో పెరిగి ఉంటే పని అయినట్టే. పెరగకపోతే క్లాక్ వేగం, ఉష్ణోగ్రత, ర్యామ్ వేగం ఈ మూడింటిలో ఒకటి సరిగా లేదు, ముందు వాటిని చూడండి. ఒక వారం పాటు క్రాష్‌లు లేకుండా నడిచేదాకా పాత ప్రాసెసర్‌ను అమ్మకుండా పెట్టెలోనే ఉంచండి.